సంతకానికి ముందు తెలుగు

యోగా, ధ్యానం మనసుకు ఎంత బలమిస్తాయో తేల్చే పరిశోధనల్లో డాక్టరు పక్కనే కోఆర్డినేటరు ఉంటారు. సంగతంతా వివరించి సమ్మతి సంతకం తీసుకునేది, ప్రశ్నావళి నింపించేది వీళ్లే. ఆ వివరణ పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలనీ, వాళ్లు ఎప్పుడైనా మానుకోవచ్చనీ 2017 ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

2003 నాటి కానర్–డేవిడ్‌సన్ కొలమానంలో 25 వాక్యాలు. ఒక్కోదానికి 0 నుంచి 4 మార్కులు. 'రెసిలియన్స్' అంటే మన టి. నగర్ రంగనాథన్ వీధిలో పూలమ్మే తెలుగు అవ్వకేం తెలుస్తుంది? 'కష్టమొస్తే తట్టుకుని నిలబడతావా అవ్వా?' అని నేనడిగితే ఠక్కున చెప్తుంది. అయితే కోఆర్డినేటరు అప్పటికప్పుడు మాట మార్చకూడదు. ముందే అనువదించి, ఇంకొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి సరిచూడాలి. మాట తప్పితే లెక్కా తప్పుతుంది. తెలుగు చదివే మనకు అక్కడ పనుంది.