కౌమారమున కల్పనాశక్తి: ఊఁకొట్టువారి కర్తవ్యము

అయిదేండ్ల బాలుడు కందిపుల్లను గుఱ్ఱముగా భావించి వీధియంతయు తిరిగినచో చూచినవారు ముచ్చటపడుదురు. పదునాలుగేండ్లవాడు లేని రాజ్యమును కల్పించి, దానికి పటము గీచి, రాజులకు పేరులు పెట్టినచో పనిలేని పనియని మందలింతురు. కౌమారము వచ్చినంతనే ఆట యంతరించునను భ్రమయే ఇందులకు కారణము. ఆట యంతరింపదు, లోనికి పోవును. సోవియట్ మనశ్శాస్త్రవేత్త లెవ్ విగోట్‌స్కీ 1933వ సంవత్సరమున బాలక్రీడను గూర్చి ఉపన్యసించుచు, కౌమారవయస్కుల కల్పన క్రియారహితమైన క్రీడయే యని వివరించెను.

మన ఆలంకారికులు ఈ శక్తికే ప్రతిభ యని పేరిడిరి. అపూర్వవస్తువును నిర్మింపజాలిన ప్రజ్ఞయే ప్రతిభయని అభినవగుప్తుని నిర్వచనము. మమ్మటుడు కావ్యహేతువులను చెప్పుచు శక్తికి తోడుగా లోకశాస్త్రకావ్యములను పరిశీలించుటవలన గలుగు నిపుణతను, తెలిసినవారి శిక్షణలోని అభ్యాసమును పేర్కొనెను. శక్తి పుట్టుకతో వచ్చునదైనను తక్కిన రెండును పెద్దలు సమకూర్పదగినవే. కౌమారమున ఇవి లభింపనిచో శక్తి యుండియు నిష్ఫలమగును.

రాయచూరు జిల్లాలోని కల్మల వంటి గ్రామములందు ఈ విషయము మఱింత గంభీరమైనది. కృష్ణా తుంగభద్రల నడిమి ఈ అంతర్వేది 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రమునుండి మైసూరు రాష్ట్రమున చేరెను. ఇచ్చటి తెలుగు కుటుంబముల బాలునికి ఇంట తెలుగు, వీధిలో కన్నడము, పై చదువులలో ఆంగ్లము. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషావర్గముల బాలలకు ప్రాథమిక దశలో మాతృభాషాబోధన సమకూర్పవలెనని చెప్పుచున్నది. ఆ దశ పదేండ్ల ప్రాయమున ముగియును. అనగా కల్పన పండు వయస్సు వచ్చునప్పటికి మాతృభాష పలుచబడుచుండును. ఈ కొఱతను తీర్చుటకు కథాకథనము మిక్కిలి తగిన సాధనము.

దీనికి మొదటి నియమము వినుట. తెలుగింట కథ చెప్పువానికి ఎదుట ఊఁకొట్టువాడు ఉండవలెను. ఊఁ ఆగినచో కథ ఆగును. పింగళి సూరన కళాపూర్ణోదయమున బ్రహ్మయంతటివాడును సరస్వతి అడుగగానే కథ చెప్పెను. బాలుడు చేను అనుటకు మారుగా 'హొల' యని కన్నడపు మాట పలికినంతనే నిలిపి దిద్దినచో ఒక మాట చక్కబడును గాని కథ చెడును. మఱునాడతడు తప్పు దొర్లని పొట్టి వాక్యములే చెప్పును, ఆ పిమ్మట చెప్పుటయే మానును. కావున కథ ముగియువఱకు 'తరువాత?', 'అప్పుడామె ఏమనెను?' అను ప్రశ్నలు మాత్రమే అడుగదగును. భాషాసంస్కారము రెండవసారి, కథను వ్రాయించునపుడు చేయవలెను. అప్పుడు హొల, చేను అను రెండు పదములను ప్రక్కప్రక్కన నుంచి చూపినచో అతనికి రెండు భాషలును లాభించును.

రెండవది సామగ్రి. కల్పన శూన్యమునుండి పుట్టదు, అనుభవమునుండి పుట్టును. రాయచూరు కోటను 1294లో కాకతీయ సామంతుడు గోన విఠలుని కాలమున కట్టిరి. ఆ కోటగోడలో నలువది యడుగులకు మించిన ఏకశిలపై శాసనము కలదు. అంతటి రాతిని బండిపై నుంచి పశువుల వరుసచే లాగించుకొనివచ్చిన దృశ్యమును గోడపై చెక్కిరి. ఆ బండి తోలినవాడు త్రోవలో ఏమి తినెను? ఇరుసు విఱిగిననాటి రాత్రి ఎవరితో ఏమనెను? శాసనము దీనిని చెప్పదు, విద్యార్థి చెప్పవచ్చును. అయితే కథ ముగిసిన పిదప రాయి చెప్పినదేది, తాను కల్పించినదేది యని అతనిచేతనే వేఱుచేయింపవలెను. ఇందువలన కల్పనయు చరిత్రయు రెండును రక్షింపబడును.

మూడవది మఱుగు. కౌమారవయస్కునకు సిగ్గు సహజము. తన ముఖముతో ఆడలేనివాడు బొమ్మ ముఖముతో ఆడగలడు. తోలుబొమ్మలాటలో రామాయణకథ నడుచుచుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క నడుమ జొచ్చి ఊరి సంగతులను అప్పటికప్పుడు కల్పించి పలుకుదురు. కన్నడదేశపు బొమ్మలాటలో ఇట్టి హాస్యగాడే కిళ్ళెక్యాత. కథాపాత్రలకు కట్టడి యుండును గాని వీరికి లేదు. ఒక పాత పంచె, ఒక దీపము, అట్టముక్కలతో కత్తిరించిన బొమ్మలు ఉన్నచో బడిలోనే తెర కట్టవచ్చును. పాఠములోని కథను ముగ్గురు నడిపింపగా ఒకడు కేతిగాడై నడుమ మాటాడవచ్చును. నాలుకపైనున్న తెలుగు, కన్నడములు అచ్చట సహజముగా కలిసివచ్చును.

పరీక్షలో దీనికి మార్కులెన్ని యని తల్లిదండ్రులు అడుగుట సహజమే. కథను మొదటినుండి చివరవఱకు తెగకుండ నడిపినవాడు వ్యాసమును గూడ నడుపగలడు. అంతకంటె ముఖ్యమైన ప్రయోజనము వేఱొకటి కలదు. జవాబులు వ్రాయుటకు మాత్రమే నేర్చిన భాషను విద్యార్థి పరీక్ష ముగిసిననాడే విడుచును. తాను కథ కట్టిన భాషను, తన కథకు పెద్దలు ఊఁకొట్టిన భాషను, అంత సులభముగా విడువడు.