శరణు వచ్చిన పసివారు

క్రిస్మసు వచ్చినదంటే మన ఇండ్లలో పశువులతొట్టిని, గొల్లలను, నక్షత్రమును అమర్చుకొని ఆనందిస్తాము. అంతటితో కథ ముగిసినదనుకొంటాము. కాని మత్తయి సువార్తలో ఆ కథ అక్కడ ఆగలేదు. జ్ఞానులు కానుకలిచ్చి వెళ్ళిన పిమ్మట, హేరోదు కత్తికి వెరచి, యోసేపు రాత్రికి రాత్రే తల్లినీ బిడ్డనూ వెంటబెట్టుకొని ఐగుప్తునకు తరలిపోయినాడు. లోకరక్షకుడు పసితనములోనే పరాయి నేలకు శరణు వెళ్ళవలసి వచ్చినది. అక్కడ ఆ కుటుంబమునకు తల దాచుకొన చోటు ఎవరిచ్చినారో, దాహమునకు నీళ్ళు ఎవరు పోసినారో సువార్తికుడు చెప్పలేదు. పేరులేని ఆ ఐగుప్తీయులు ఈ మధ్య మాకు తరచు గుర్తుకు వస్తున్నారు. ఒక ప్రయాణము అందుకు కారణము.

ఆఫీసు పని మీద కొల్హాపురము వెళ్ళినప్పుడు, తీరిక దొరికి, ఊరికి చేరువనున్న గాంధీనగరుకు బట్టలు కొనుటకై పోయినాము. అది సింధీల వర్తకమునకు పేరుపడిన చోటు. బేరము కుదిరిన తరువాత పెద్దవయసు దుకాణదారు ఒకమాట అన్నాడు: “బాబూ, మేము ఇక్కడికి కాందిశీకులుగా వచ్చినాము. మాకంటె ముందు ఇక్కడ పోలండువారు ఉండేవారు.” పోలండు ఎక్కడ, పంచగంగ ఒడ్డు ఎక్కడ! ఇంటికి వచ్చి ఆ సంగతి చదువ మొదలుపెట్టినాము.

1939 సెప్టెంబరు 1న జర్మనీ పడమటి నుండి, 17న సోవియట్ సేనలు తూర్పు నుండి పోలండు మీద పడినవి. 1940 ఫిబ్రవరి మొదలు మరుసటి జూను వరకు తూర్పు ప్రాంతపు కుటుంబములను లక్షల సంఖ్యలో గూడ్సు బండ్లకెక్కించి సైబీరియాకు, కజకస్తానుకు పంపివేసినారు. అడవులలో చెట్లు కొట్టుట, అరకొర రొట్టె, గడ్డకట్టించు చలి, జ్వరములు. 1941లో జర్మనీ రష్యా మీదికి రాగా, సోవియట్ ప్రభుత్వము పోలండుతో ఒడంబడిక చేసుకొని వారిని విడిచిపెట్టినది. వారు దక్షిణమునకు నడచినారు, రైళ్ళెక్కినారు, దారిలో రాలిపోయినారు. బ్రతికియున్న తల్లులు సహితము కొందరు తమ బిడ్డలను అనాథశరణాలయములలో విడిచినారు. అక్కడైతే పిడికెడు మెతుకులు దొరుకుననీ, బిడ్డలు ఆ దేశము దాటి పోగలుగుదురనీ వారి ఆశ. మోషేను జమ్ముపెట్టెలో ఉంచి ఏటి ఒడ్డున జమ్ములో విడిచిన తల్లి మనసు అట్టిదే గదా! 1942లో లక్షకు పైగా పోలండువారు పర్షియా చేరినారు. కొందరు పిల్లలు అష్కాబాదు నుండి లారీలలో కొండలు, ఎడారులు దాటి మనదేశము వచ్చినారు.

ఆ పిల్లలకు మొట్టమొదట చోటు చూపినవాడు నవానగర సంస్థానాధిపతి జాంసాహెబు దిగ్విజయసింహజీ. జామ్‌నగరుకు దగ్గరగా, సముద్రపు ఒడ్డున, బాలాచడి యను చోట తన వేసవి విడిదికి సమీపమున వారికి వసతి ఏర్పరచినాడు. 1942 నుండి 1946 వరకు విడతలుగా అక్కడ ఉన్నవారు సుమారు 1,000 మంది అంటారు. ఆ పిదప మిగిలినవారిని వళివడెకు మార్చినారు. 1943లో కొల్హాపురము చెంత వెలసిన ఈ రెండవ శిబిరములో, ముఖ్యముగా స్త్రీలు, పిల్లలు, సుమారు 5,000 మంది 1948 వరకు నివసించినారు.

కూడు, గూడు ఇచ్చుట గొప్ప పనియే. కాని మా మనసును పట్టినది మరొకటి. జాంసాహెబు హిందువు, ఆ పిల్లలు కతోలిక క్రైస్తవులు. తన ఉప్పు తిన్నారు గనుక తనవలె కావలెనని ఆయన కోరలేదు. శిబిరములో వారికి ప్రార్థనాలయము ఉన్నది. ఫాదరు ఫ్రాన్సిషెక్ ప్లూటా అను వారి గురువే శిబిరమునకు పెద్ద. చదువు వారి భాషలో, ఉపాధ్యాయులు వారివారు, పుస్తకములు వారివి. వారి ఆటపాటలు చూచుటకు రాజు స్వయముగా వచ్చేవాడు. వంటశాలలో పాలకూర పెడుతున్నారని పిల్లలు అలిగి తినుట మానగా, ఆయన విని, ఆ కూరనే మాన్పించినాడని చెప్పుకొంటారు. ఇల్లు, తల్లి, దేశము పోయిన పిల్లవానికి “నాకిది వద్దు” అనగల చనువు తిరిగి వచ్చినదంటే, అది చిన్న సంగతి కాదు.

పరదేశిని చేర్చుకొన్నవాడు తనను చేర్చుకొన్నట్లేనని ప్రభువు చెప్పినాడు. ఆ మాట చదువునప్పుడెల్ల మనము తలుపు తీయువారమనే తలుస్తాము. బాలాచడిలో తలుపు తట్టినది క్రైస్తవ బాలలు, తీసినది హిందూరాజు. నేడు వార్సా నగరములో ఒక కూడలికి మంచి మహారాజు కూడలి యని పేరు. ఒక పాఠశాల ఆయన పేరు పెట్టుకొన్నది. యుద్ధము ముగిసినను ఆ పిల్లలలో అనేకులకు ఇల్లు తిరిగి రాలేదు. వారి ఊళ్ళు సోవియట్ దేశములో కలిసిపోయినవి. కొందరు పోలండుకే మరలినారు. తక్కినవారు బ్రిటను, అమెరికా, ఆస్ట్రేలియా వంటి దూరదేశములు పట్టిపోయినారు. వారు ఖాళీ చేసిన వళివడె శిబిరములో, దేశవిభజన వలన ఇల్లు వాకిళ్ళు కోల్పోయిన సింధీలు దిగినారు.

ఇదంతా చదివి సంతోషించవలసిన మేము సిగ్గుపడినాము. ఎందుకనగా, 2023లో మణిపురమున చెలరేగిన కల్లోలములో ఇల్లు కోల్పోయిన ఒక తల్లి తన ఇద్దరు పిల్లలతో మా వీధిలో అద్దెకు దిగినది. పెద్దవానికి పదేండ్లు. మా తెలుగు సండేస్కూలుకు పిలుచుకొని వచ్చినాము. చెప్పులు కొనిపెట్టినాము, తెలుగు పాట నేర్పినాము. వాని పేరు మా నాలుకకు తిరుగలేదని “దావీదు” అని పిలిచినాము. మంచి పేరేగదా అనుకొన్నాము. వాడు పిలిస్తే పలికేవాడు. తనంతట తాను పలికేవాడు కాదు. బబులోనులో దానియేలునకు, అతని స్నేహితులకు పేర్లు మార్చినది చెరపట్టినవారు. రొట్టె పెట్టిన చేతితో మేమూ ఆ పనియే చేసినాము!

మరొక సంగతి గుర్తుకు వచ్చినది. 1941 డిసెంబరు 23న రంగూను మీద జపాను బాంబులు పడిన పిమ్మట, అక్కడి రేవులో, బియ్యపు మిల్లులలో పనిచేయు మన తెలుగువారు వేలాదిగా కాలినడకన బయలుదేరినారు. కొందరు అరకాను దారిని, కొందరు తమ్ము మీదుగా మణిపురము దారిని వచ్చినారు. కలరాతో, ఆకలితో దారిలో పోయినవారికి లెక్కలేదు. అది 1942, పోలండు పిల్లలు లారీలలో వచ్చిన సంవత్సరమే. ఈ పత్రిక చదువు కుటుంబములలో, ముఖ్యముగా గంజాము, యానాము వైపువారిలో, ఆ నడక కథ తాతల నోట విన్నవారు ఉండవచ్చును. ఆ దారి ఈ పిల్లవాని నేల మీదుగానే వచ్చినది.

తరువాతి ఆదివారము మేము వాని ఎదుట కూర్చొని, పేరు మళ్ళీ అడిగినాము. మూడుసార్లు తప్పు పలికినాము. మూడవసారి వాడు నవ్వినాడు. నాలుగవసారికి సరిగా వచ్చినది. మీ గుడిలో పాడే పాట ఒకటి పాడుమన్నాము. మాటలు మాకు తెలియలేదు. రాగము మాత్రము మా అమ్మ పాడుచుండిన కీర్తన రాగమే. తెలుగు పిల్లలందరు దానిని సగము తప్పులతో నేర్చుకొన్నారు.

తరతరములుగా పరాయి రాష్ట్రములలో ఉండి, ఇంట తెలుగు నిలుపుకొన్నవారము మనము. మన భాషలో మనలను పలుకనిచ్చిన ఇరుగుపొరుగువారి మేలు మనకు తెలియును. కాబట్టి శరణు వచ్చిన బిడ్డ మన గడప తొక్కినప్పుడు, అన్నము పెట్టుదము, చెప్పులు కొందము. దానికి ముందు వాని పేరు సరిగా పలుకుట నేర్చుకొందము.