‘లుకెఆ’ - లెక్కా, చదువూ

మా అమ్మమ్మకు అక్షరం ముక్క రాదు. ఏ ఇంటికి ఎన్ని సోలల పాలు పోసిందో గోడమీద బొగ్గుగీతలు గీసి పెట్టేది. నెలాఖరున ఆ గీతలు చూసి, ఒక్క సోల కూడా పొల్లుపోకుండా లెక్క చెప్పేది. అయినా ఆమెను మేమంతా ‘చదువురాని మనిషి’ అనేవాళ్ళం. ఫిన్నిష్ భాషలోని ఒక క్రియ గురించి తెలిశాక, ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ క్రియ ‘లుకెఆ’. నేడు దాని ప్రధానార్థం చదవడం, మూలార్థం లెక్కించడం. ఫిన్నిష్ యూరాలిక్ కుటుంబానికి చెందిన భాష. అదే కుటుంబంలోని ఎస్తోనియన్ ‘లుగెమ’కూ, ఉత్తర సామీ ‘లొహ్కత్’కూ ఈ రెండర్థాలూ ఉన్నాయి. పుస్తకం కంటె ముందు లెక్క ఉంది. పుస్తకం వచ్చాక పాత పని పేరే కొత్త పనికీ పెట్టుకున్నారు. ‘లుకు’ అనే నామవాచకానికి నేటికీ సంఖ్య అనీ, పుస్తకంలో అధ్యాయం అనీ అర్థాలు.

వాడుకలో ఇంకో విశేషం ఉంది. ‘లుయెన్ కిర్యా’ అంటే పుస్తకం చదువుతున్నాను. ‘లుయిన్ కిర్యన్’ అంటే పుస్తకం మొత్తం చదివేశాను. పని పూర్తయిందా లేదా అన్నది క్రియ ఒక్కటే చెప్పదు. పుస్తకం అన్న మాటకు చేరిన విభక్తి కూడా చెబుతుంది. మన ‘చదువు’ లాగే పరీక్షకు చదవడానికీ ఈ క్రియే. ‘పేపర్లో రాసి ఉంది’ అని మనమనే చోట, వాళ్ళు ‘పేపర్లో చదువుతుంది’ అన్నట్టు ‘లెహ్దెస్స లుకే’ అంటారు.

ఐతే, ఈ మాటకు సాంఘిక చరిత్ర కూడా ఉంది. మికాయెల్ అగ్రికోలా 1543లో తొలి ఫిన్నిష్ వాచకం అచ్చువేశాడు. ఫిన్లండ్ స్వీడన్ ఏలుబడిలో ఉండగా, 1686 నాటి చర్చి చట్టం పిల్లలూ పాలేళ్ళూ పనిమనుషులూ చదవడం నేర్చుకోవాలని శాసించింది. మతపాఠం రానివాడికి పెళ్ళి కూడా కష్టమే. మతాధికారులు ఊరూరా తిరిగి చదువు పరీక్షించేవారు. రాయడం నేర్పడం మీద మాత్రం ఆ శ్రద్ధ లేదు. పేదవాడు చదవాలి, అంటే వినాలి. రాయనక్కర్లేదు, అంటే బదులు చెప్పనక్కర్లేదు! చదువు ఎప్పుడూ విముక్తే అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

అలెక్సిస్ కీవీ 1870లో ప్రచురించిన ‘ఏడుగురు అన్నదమ్ములు’ నవలకు ఇదే నేపథ్యం. అక్షరాలు రాక అవమానం పాలైన ఆ సోదరులు చదువు చెప్పేవాడి ఇంటినుంచి పారిపోయి అడవి పడతారు. చివరకు తామై చదువు నేర్చి, సంఘంలోకి తిరిగి వస్తారు. జనం మాటతీరును సాహిత్యంలోకి తెచ్చిన ఆ నవలపై భాషాపండితుడు ఆగస్ట్ ఆల్క్విస్ట్ నిప్పులు చెరిగాడు. కీవీ 1872లో పేదరికంలోనే కన్నుమూశాడు. ఆ తర్వాత కాలం ఆ నవలనే జాతి గర్వించే రచనగా లెక్కించింది.

‘తప్ప, మినహా’ అనడానికి ఫిన్నిష్‌లో ‘లుకూన్ ఒత్తమత్త’ అంటారు. మాటకు మాట చెబితే, ‘లెక్కలోకి తీసుకోకుండా’ అని. ఆల్క్విస్ట్ పుస్తకం చదివాడు. అందులోని మనుషుల్ని లెక్కలోకి తీసుకోలేదు. మన తెలుగులో కూడా ‘ఎంచు’ అంటే లెక్కపెట్టడం, మంచిచెడ్డలు తేల్చడం. విమర్శకుడి పని ఈ రెండూ కలిసిందే. ఒక రచనను చదివేశామని చెప్పేముందు, అందులో ఎవరిని లెక్కలోంచి వదిలేశామో చూసుకోవాలి.

బొగ్గుగీతల మా అమ్మమ్మను నేను చాలాకాలం అలాగే వదిలేశాను.