పాత డీజిల్ పికప్ కొనేముందు



శ్రీనివాసపురం, ముళబాగిలు వైపు టమాటా పండించే మనవాళ్లకు మదనపల్లె మార్కెట్ కొత్త కాదు. బాడుగ బండ్లకు డబ్బు పోసి విసిగినప్పుడల్లా సొంత పికప్ ఒకటి ఉంటే బాగుండునని ఎవరికైనా అనిపిస్తుంది. కొత్తది కొనే శక్తి లేనివారు పాత డీజిల్ బండి కోసం చూస్తారు. పొలం మీదనో, ఇంట్లో బంగారం మీదనో తెచ్చిన డబ్బు అది. బండి షెడ్డులో నిలిచిపోయినా కిస్తీ మాత్రం ఆగదు. అందుకే ఈ పూట దాన్ని గురించి కొంచెం మాట్లాడుకుందాం. నేను మేస్త్రీని కాను, బడిపంతులును. మా పిల్లల తండ్రులు బండి కాగితాలు తెచ్చి నాచేత చదివించుకుంటూ ఉంటారు. అలా తెలిసినవీ, మేస్త్రీలను అడిగి తెలుసుకున్నవీ చెబుతాను.

బండి చూడగానే మన కన్ను మీటరు మీద పడుతుంది. నన్నడిగితే అన్నిటికంటే తక్కువ నమ్మదగింది అదే. అంకెలు వెనక్కు తిప్పడం సులువన్నది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. పికప్‌ను అరగదీసేది తిరిగిన దూరం కంటే మోసిన బరువు. లక్ష కిలోమీటర్లు రొట్టెలు, బిస్కెట్లు మోసిన బండీ, యాభై వేలు కంకర మోసిన బండీ ఒకటవుతాయా? కాబట్టి ముందు గోనెసంచి పరుచుకుని కిందికి దూరండి. వెనుక కమాన్ పట్టీలు రెండు వైపులా లెక్కపెట్టండి. కంపెనీ ఇచ్చినవాటికి అదనంగా పట్టీలు వేయించి ఉంటే, అది మోయాల్సినదానికన్నా ఎక్కువ మోసిన బండి. క్యాబిన్ వెనుక ఛాసిస్ మీద వెల్డింగ్ అతుకులున్నాయేమో వేలితో తడిమి చూడండి. అక్కడ మాత్రమే కొత్తగా నల్లరంగు పూసి ఉంటే మరీ జాగ్రత్త.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పొద్దున్నే వెళ్లండి. మీరు వచ్చేదాకా స్టార్టు చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే, మీకంటే ముందే దాన్ని ఎవరో లేపారన్నమాట. రేడియేటర్ మూత కూడా చల్లగా ఉన్నప్పుడే తీయాలి. నీళ్ల మీద నూనె తెట్టు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. స్టార్టు చేశాక పొగ చూడండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజన్ ఆయిల్ తాగుతోందని అర్థం. నల్లపొగ అయితే గాలి చాలడం లేదు, లేదా ఇంజెక్టర్లు డీజిల్‌ను ఎక్కువ పోస్తున్నాయి. తెల్లపొగ చలిలో కాసేపు వచ్చి పోతే పరవాలేదు. వేడెక్కాక కూడా వస్తుంటే నీళ్లు లోపలికి దిగుతున్నాయేమో చూపించాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, తిరగేసి ఆ రంధ్రం మీదే ఉంచండి. కాస్త కదిలితే సరే, ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగినట్టే. ఆ పనికి ఇంజన్ మొత్తం విప్పాలి. ఖర్చు మీరే ఊహించుకోండి.

ఖాళీ బండి నడిపి చూసి మురిసిపోవద్దు. పది బస్తాలు వేసుకుని ఒక ఎత్తు ఎక్కించి, దింపండి. దిగేటప్పుడు గేరు దానంతటదే జారితే గేర్‌బాక్స్ పని ఉంది.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మినవి బి.ఎస్. 6 బండ్లు. వీటిలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఊళ్లోనే అటూ ఇటూ తిరిగే బండిలో అది మసితో పూడుకుపోతుంది. తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలు వెలిగి, స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే దీపమే పీకేశారేమో అడగండి.

ఇక కాగితాలు. సరిహద్దులో ఉన్న మనకు ఇది ఇంజనంత ముఖ్యం. చిత్తూరు జిల్లా నంబరు బండి కోలారులో చవకగా దొరికిందని సంబరపడతాం. ఒక రాష్ట్రం బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచుకుంటే అక్కడి నంబరు వేయించుకోవాలి. దానికి పాత ఆర్.టి.ఓ. ఇచ్చే ఎన్.ఓ.సి. కావాలి, అది ఫారం 28. టాక్సు బాకీలున్నా, ఫైనాన్సు తీరని బండికి ఫైనాన్సువాళ్లు ఒప్పుకోకపోయినా అది రాదు. ఇక్కడ ఎంత టాక్సు కట్టాలో అడ్వాన్సు ఇవ్వకముందే మన ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోండి. అది కలిపితే ఆ చవక బండి చవకగా ఉండకపోవచ్చు. అప్పు తీరిందని అమ్మేవాడి నోటిమాట చాలదు, ఫైనాన్సువాళ్లు సంతకం చేసిన ఫారం 35 చేతికి రావాలి. కొన్న 30 రోజుల్లో బండి మీ పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టాలి. ఇన్సూరెన్సుకు 14 రోజులే గడువు. ఎఫ్.సి. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, తర్వాత ఏటేటా. సరుకుతో కలిపి మొత్తం బరువు 3000 కిలోలు దాటని బండికి పర్మిట్ అక్కర్లేదు. ఆ బరువు ఆర్.సి.లోనే రాసి ఉంటుంది.

ఛాసిస్ నంబరు కూడా ఆర్.సి.తో సరిపోవాలి. బండి మీద అది మసకగా ఉంటే, చిన్నప్పుడు నాణెం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దేవాళ్లం చూడండి, అలాగే రుద్దండి. ప్రతి అంకె కాగితం మీదకు వస్తుంది. ఆ కాగితాన్ని ఆర్.సి. పక్కన పెట్టి, ఒక్కొక్క అక్షరం పైకి చదువుతూ సరిచూడండి.