సఫ్‌లో లేని కులం సమాజంలో ఎందుకుంది?

మసీదులో నమాజుకు నిలబడే వరుసను సఫ్ అంటారు. ముందు వచ్చినవారు ముందు వరుసలో, తరువాత వచ్చినవారు వెనుక వరుసలో భుజం భుజం ఆనించి నిలుస్తారు. పుట్టుకను బట్టి అక్కడ ఎవరికీ ప్రత్యేక స్థానం లేదు. ఇస్లాం సమానత్వ భావన నిత్యం కంటికి కనిపించే చోటు అది.

ఆ మతానికి ఐదు మూలస్తంభాలు. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ ఆయన ప్రవక్త అని సాక్ష్యమివ్వడం షహాదా. రోజుకు ఐదు పూటలా నమాజు, రంజాన్ మాసమంతా ఉపవాసం, స్తోమత గలవారికి జీవితంలో ఒక్కసారి హజ్ విధి. నిర్ణీత పరిమితికి మించిన సంపద ఏడాదిపాటు నిలిస్తే అందులో నలభయ్యో వంతు జకాత్‌గా ఇవ్వాలి. అది దయాదానం కాదు, పేదల హక్కు. వంశపారంపర్య పౌరోహిత్యానికి ఇక్కడ తావులేదు. హజ్‌లో పురుషులందరిదీ కుట్టులేని రెండు తెల్లని వస్త్రాల వేషమే. మదీనాలో అజాన్ పలికే గౌరవం బానిసత్వం నుంచి విముక్తుడైన నల్లజాతి బిలాల్‌కు దక్కింది.

ఇంతటి సమతా సూత్రం భారతీయ సమాజంలో కులాన్ని రూపుమాపలేకపోయింది. అష్రాఫ్, అజ్లాఫ్, అర్జాల్ అనే అంతరాలు ముస్లింలలో పాతుకుపోయాయి. తెలుగు నేలపై దూది ఏకి బతికిన దూదేకులవారు, పాకీపనికి నెట్టబడిన మెహతర్లు, ఫకీర్లు, ముస్లిం చాకళ్లు ఒకే ఖిబ్లా వైపు తిరిగి నమాజు చేస్తారు. పెళ్లి సంబంధాల దగ్గరికి వచ్చేసరికి సయ్యద్, పఠాన్ కుటుంబాల గుమ్మాలు వారికి తెరుచుకోవడం అరుదు.

రాజ్యం ఈ వాస్తవాన్ని సగమే గుర్తించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు సయ్యద్, మొఘల్, పఠాన్ వంటి వర్గాలను మినహాయించారు. అంటే ముస్లింలలోనూ సామాజిక అంతరాలున్నాయని చట్టమే ఒప్పుకుంది. కానీ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దాన్ని విస్తరించారు. దళిత ముస్లింలు, దళిత క్రైస్తవులు నేటికీ బయటే ఉన్నారు. వారిని చేర్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022లో ఇదే అంశంపై జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ నేతృత్వంలో మరో కమిషన్ వేశారు.

ఇస్లాంలో కులం లేదు గనుక ముస్లింలలో దళితులు లేరన్నది తరచూ వినిపించే వాదన. సిక్కు, బౌద్ధ ధర్మాలు మాత్రం కులాన్ని ఆమోదించాయా? ధర్మం ఏం బోధించిందన్నది కాక, సమాజం ఎలా నడుచుకున్నదన్నదే అక్కడ ప్రమాణమైంది. ముస్లింల విషయంలో ఆ ప్రమాణం ఎందుకు మారాలి? పాకీపని చేసిన మెహతర్ బీసీ జాబితాలో ఉండవచ్చు. ఎస్సీ రిజర్వుడు స్థానంలో పోటీచేసే హక్కు గానీ, అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ గానీ అతనికి లేవు.

ప్రశ్న రాజ్యానికే కాదు, ముస్లిం సమాజపు పెద్దలకూ వర్తిస్తుంది. మా మతంలో కులం లేదని వేదికలపై చెప్పి, ఇంట్లో వంశం చూసి పిల్లనిచ్చేవారు ఆ రాజ్యానికే సాయపడుతున్నారు. సమానత్వం ఇస్లాం విధించిన బాధ్యత. సఫ్‌లో పక్కన నిలిచినవాడిని వియ్యంకుడిగా అంగీకరించిననాడే ఆ బాధ్యత తీరుతుంది.