నలుగురి ఆటలో తొలగింపు కార్డులు – ఒక సంభావ్యతా సమస్య

పేకముక్కలు కలిపి పంచినప్పుడు ఎవరి చేతికి ఏ ముక్క వచ్చునో ముందుగా చెప్పజాలము. కాని ఒక ముక్క వచ్చుటకు ఎంత అవకాశమున్నదో లెక్కింపవచ్చును. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఫ్రెంచి గణితవేత్తలు జూదమునకు సంబంధించిన ఒక ప్రశ్నను గూర్చి ఉత్తరములు వ్రాసికొనిరి. సంభావ్యతా శాస్త్రమునకు ఆ ఉత్తరములే పునాది అయినవి.

రమ్మీ మొదలగు ఆటలలో పేకకట్ట అందరికిని ఒక్కటే. అందులో ఏ ముక్కలుండవలెనో నిర్ణయించు అధికారము ఆటగానికి లేదు. ట్రేడింగ్ కార్డు ఆటలనబడు కొత్త రకపు ఆటలలో మాత్రము ప్రతి ఆటగాడును తన కట్టను తానే కూర్చుకొని తెచ్చుకొనును. కావున ఆట ఆరంభము కాకమునుపే సగము ఆట జరిగిపోవును. ఈ జాతి ఆటలలో మొదటిది ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’. ఇది 1993లో అమెరికాలో వెలువడెను. దీనిని కల్పించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ అదే సంవత్సరమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము నుండి సంయోజన గణితములో డాక్టరేటు పొందిన గణితవేత్త.

ఆట స్వరూపము

ఈ ఆటలో కొన్ని కార్డులు ‘భూములు’. వాని నుండి ‘మానా’ అను శక్తి లభించును. ఆ శక్తిని వెచ్చించి ఇతర కార్డులను ప్రయోగింతురు. ‘ప్రాణి’ కార్డులు బల్లమీద నిలిచి ఎదుటివారిపై దాడి చేయును. మంత్రపు కార్డులు ఒక్కసారి పనిచేసి తొలగిపోవును. ఎదుటివాని ప్రాణాంకములను, అనగా అతని ఆయువును తెలుపు సంఖ్యను, సున్నకు దింపినచో గెలుపు.

ఇద్దరాడునప్పుడు ప్రాణాంకములు తలకు 20. ‘కమాండర్’ అను పద్ధతిలో సాధారణముగా నలుగురు ఎవరికి వారుగా ఆడుదురు. అందు ప్రాణాంకములు తలకు 40. కట్టలో సరిగా 100 కార్డులుండవలెను. ఒకటి నాయక కార్డు. అది మొదటి నుండియు వేరుగా అందరికిని కనబడుచుండును. మిగిలినవి 99. సామాన్యమైన భూములు తప్ప ఏ కార్డును రెండవ ప్రతి ఉండరాదు. అభిమానులే కల్పించుకొన్న ఈ పద్ధతికి 2011లో ప్రకాశకులైన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ప్రత్యేకమైన కట్టలను ముద్రించి విడుదల చేసెను.

కట్టలలో పలు రకములున్నవి. వేగముగా దాడి చేయునవి కొన్ని. ఎదుటివారు వేసిన ప్రతి ప్రాణిని తొలగించుచు, ఆటను తన అదుపులో నుంచుకొని, చివరకు నిదానముగా గెలువజూచునది మరియొకటి. దీనిని నియంత్రణ కట్ట అందురు. ఇద్దరి ఆటలో చక్కగా పనిచేయు ఇట్టి కట్ట నలుగురి ఆటలో తరచుగా విఫలమగును. కారణము ఆటగాని అదృష్టము కాదు, అంకగణితము.

ఒకటికి ఒకటి చాలదు

1993 నాటి మొదటి ముద్రణ నుండియు ఉన్న ‘స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్’ అను కార్డును తీసికొందము. ఒకే ఒక మానాతో అది ఎదుటివాని ప్రాణినొకదానిని ఆటనుండి బహిష్కరించును. ఇద్దరాడునప్పుడు నా కార్డు ఒకటి పోయినది, నీ కార్డు ఒకటి పోయినది, లెక్క సరి. నలుగురిలో ఆ లెక్క సరిపోదు. ప్రయోగించినవాడు ఒక కార్డు పోగొట్టుకొనెను, దెబ్బ తిన్నవాడు ఒకటి పోగొట్టుకొనెను. చూచుచు కూర్చున్న మిగిలిన ఇద్దరు ఏమియు పోగొట్టుకొనలేదు. అనగా పోట్లాడుకొన్న ఇద్దరును మిగిలిన ఇద్దరికంటె వెనుకబడిరి.

అట్లయిన తొలగింపు కార్డులనే ఎక్కువగా చేర్చిన సరిపోదా యని తోచవచ్చును. లెక్క చూతము. ముగ్గురు ప్రత్యర్థుల కట్టలలోను 99 కార్డులకు 25 చొప్పున తొలగింపదగిన ప్రాణులున్నవని అనుకొందము. నలుగురును కార్డులను ఒకే వేగముతో తీయుదురు. వారు ముగ్గురును వేయు ప్రాణులకు ఒకటికి ఒకటి చొప్పున బదులు చెప్పవలెనన్నచో, మన కట్టలో మూడు ఇరువదియైదులు, అనగా 75 తొలగింపు కార్డులుండవలెను. వానిని ప్రయోగించుటకు సుమారు 37 భూములు కావలెను. మొత్తము 112. కట్టలోని చోటు 99 మాత్రమే! గెలిపించు కార్డు ఒక్కటియైనను చేర్చకముందే కట్ట నిండి పొరలినది. కావున ఈ మార్గము కష్టమైనది కాదు, అసాధ్యమైనది.

ఒకటితో అనేకము

కట్టను మెరుగుపరచుటకు మొదటి మార్గము ఒక్క కార్డుతో అనేకములను తొలగించుట. వీనిని ఊడ్పు కార్డులందము. ‘రాత్ ఆఫ్ గాడ్’ అను 1993 నాటి కార్డు నాలుగు మానాలతో బల్లమీది ప్రాణులనన్నిటిని నాశనము చేయును. ప్రత్యర్థులకు తలకు మూడు ప్రాణులుండి మనకు ఏమియు లేనప్పుడు ఇది ఒకటికి తొమ్మిది. మన ప్రాణులును పోవునన్న మాట నిజమే; కాని ప్రాణులు తక్కువగా నుండు నియంత్రణ కట్టకు అది పెద్ద నష్టము కాదు. 2012లో వచ్చిన ‘సైక్లోనిక్ రిఫ్ట్’ రెండు విధముల పనిచేయును. రెండు మానాలతో ఒక కార్డును, ఏడు మానాలతో భూములు కాక ప్రత్యర్థుల కార్డులనన్నిటిని, సొంతదారుల చేతులకు త్రిప్పి పంపును.

ఇట్టివి ఎన్ని ఉండవలెను? ఆరవ వంతు నాటికి చేతిలో కనీసము ఒక ఊడ్పు కార్డు ఉండవలెనని కోరుకొందము. మొదట 7 కార్డులు పంచుకొందురు. నలుగురాడునప్పుడు మొదట ఆడువాడును తన తొలి వంతునందే ఒక కార్డు తీయును. కావున ఆరవ వంతు నాటికి 13 కార్డులు చేతికి వచ్చియుండును. రమ్మీలో పంచు ముక్కలు కూడ సరిగా పదమూడే. 99లో 13 తీసినప్పుడు కోరిన జాతి కార్డు కనీసము ఒకటి వచ్చు సంభావ్యతను హైపర్‌జామెట్రిక్ విభాజనము అను సూత్రముచే కనుగొందురు. పద్ధతి సులభము. కట్టలో 2 ఊడ్పు కార్డులున్నవనుకొందము. మొదటిది మన 13లో పడకుండుటకు అవకాశము 99కి 86. రెండవదియు పడకుండుటకు 98కి 85. ఈ రెండు భిన్నములను హెచ్చవేసిన 0.753 వచ్చును. దీనిని 1 నుండి తీసివేసిన కనీసము ఒకటి వచ్చు అవకాశము తేలును. ఇట్లే లెక్కించగా:

2 ఊడ్పు కార్డులున్నచో 24.7 శాతము
4 ఉన్నచో 43.6 శాతము
6 ఉన్నచో 58.0 శాతము
8 ఉన్నచో 69.0 శాతము
10 ఉన్నచో 77.3 శాతము

ఇందు గమనింపదగిన విషయమొకటి కలదు. రెండు నుండి నాలుగుకు పోయినప్పుడు లాభము సుమారు 19 శాతము. ఎనిమిది నుండి పదికి పోయినప్పుడు లాభము 8 శాతము మాత్రమే. చేర్చుకొలదిని ప్రతి కొత్త కార్డు ఇచ్చు ఫలము తగ్గుచుండును. పైగా రెండు మూడు ఊడ్పు కార్డులు ఒకేసారి చేతికి వచ్చినచో, ఒకదాని తరువాత రెండవదానికి ఊడ్చుటకు ఏమియు మిగులదు.

ఇక్కడనే రెండవ మార్గము గోచరించును. ఊడ్పు కార్డులను 8 వద్దనే నిలిపి, అదనముగా కార్డులు తీయించు కార్డులను చేర్చుదము. వానిచే ఆరవ వంతు నాటికి మరి 5 కార్డులు లభించి, 13కు బదులు 18 చూచినచో, ఊడ్పు కార్డు దొరకు అవకాశము 81.2 శాతమగును. పది ఊడ్పు కార్డులు ఉంచినదానికంటె ఇది మేలు. ఆ అదనపు కార్డులలో భూములును, గెలుపు కార్డులును కూడ ఉండును. 2000లో వచ్చిన ‘రిస్టిక్ స్టడీ’ ఇందుకు తగినది. ప్రత్యర్థి మంత్రము వేసినప్పుడెల్ల అతడు ఒక మానా అదనముగా చెల్లింపనిచో మనకొక కార్డు లభించును. ప్రత్యర్థులు ముగ్గురుండుట ఇచట మనకు నష్టము కాదు, లాభము.

దేనిని తొలగింపవలెను?

ఒంటి తొలగింపు కార్డులు బొత్తిగా వలదని దీని అర్థము కాదు. ఊడ్పు కార్డుకొరకు వేచియుండ వీలులేని సమయములు కలవు. 99లో 12 ఉన్నచో ఆరవ వంతు నాటికి కనీసము ఒకటి చేతికి వచ్చుటకు 83.5 శాతము అవకాశమున్నది. అది చాలును. ఆ పన్నెండును తక్కువ మానాతో, ఇతరుల వంతులలో కూడ ప్రయోగించుటకు వీలైనవిగా నుండవలెను. తన వంతులో మాత్రమే పనిచేయు కార్డుకంటె నాలుగు వంతులలోను పనిచేయునది నలుగురి ఆటలో ఎంతో విలువైనది.

ఇక కార్డును ఎప్పుడు వాడవలెను? ఊరి చెరువులో పూడిక తీయుట వలన ఆయకట్టు రైతులందరికిని లాభము. ఖర్చు ఒక్కడే భరించినచో మిగిలినవారు సంతోషముగా నీరు పారించుకొందురు. ఎవరికి వారే “ఇంకొకడు తీయునులే” యని కూర్చున్నచో చెరువు పూడిపోవును. ఆర్థిక శాస్త్రజ్ఞులు పరిశీలించు ఈ చిక్కు నలుగురి ఆటలో ప్రతి వంతునను ఎదురగును. ఒకడు పెద్ద ప్రాణిని వేసినప్పుడు దానిని తొలగించుట ముగ్గురికిని మేలు. కార్డు పోవునది ఒక్కనికే. కావున తన్ను ఓడించుటకు గాని, ఆటను వెంటనే ముగించుటకు గాని సమర్థమైన దానినే తొలగించి, మిగిలినవానిని ఇతరులకు వదలుట మంచిది. నాయక కార్డు విషయమున మరింత జాగ్రత్త అవసరము. దానిని తొలగించినను సొంతదారు దానిని వేరుగా నుంచుకొని, మొదటిసారి 2, రెండవసారి 4 మానాల చొప్పున అదనముగా చెల్లించి మరల వేయగలడు.

తొలగింపక నివారించుటయు ఒక ఉపాయమే. 1997 నాటి ‘ప్రాపగాండా’ బల్లమీద నున్నంత కాలము, మనపై దాడి చేయు ప్రతి ప్రాణికిని దాని యజమాని రెండు మానాలు చెల్లింపవలెను. ప్రాణి చావదు, పగ పుట్టదు. దాడి మాత్రము సాధారణముగా వేరొకని వైపునకు మరలును.

ముగింపు లేని కట్ట

తొలగింపుపై మోజుగలవారు మరచు సంగతి మరియొకటి కలదు. ఇద్దరి ఆటలో 20 ప్రాణాంకములను తీసివేసిన గెలుపు. నలుగురిలో 40 చొప్పున ముగ్గురివి 120. పని ఆరు రెట్లయినది. అందరి ప్రాణులను చంపుచు, తాను మాత్రము గెలుపునకు మార్గము లేక కూర్చున్నవాని చుట్టును ముగ్గురు విసుగు చెందిన మనుష్యులుందురు. వారు ఏకమైనచో ఏ కట్టయు నిలువదు. తొలగింపు గెలుపునకు సాధనమే గాని గెలుపు కాదు.

పై విషయములన్నిటిని కూర్చి ఒక నమూనా చూడవచ్చును. మెరుగుపరచక పూర్వము కట్టలో భూములు 37, మానానిచ్చు ఇతర కార్డులు 10, ఒంటి తొలగింపులు 30, ఊడ్పులు 4, కార్డులు తీయించునవి 8, గెలుపు కార్డులు 10 ఉన్నవనుకొందము. మొత్తము 99. మెరుగుపరచిన పిమ్మట మొదటి రెండు సంఖ్యలు మారవు. ఒంటి తొలగింపులు 12కు దిగును. ఊడ్పులు 8, తీయించునవి 14, నివారించునవి 6, గెలుపు కార్డులు 12 అగును. ఇదియు 99. తొలగింపు కార్డుల సంఖ్య 34 నుండి 20కి తగ్గినది. అదుపు మాత్రము పెరిగినది.

పరీక్షించుట ఎట్లు?

కొత్త కట్టతో నాలుగు ఆటలు ఓడిపోగానే దానిని చెడగొట్టి వేరు కార్డులు కొనువారు పెక్కుమంది. నలుగురు సమానులైనచో ఒక్కొక్కరు గెలుచు అవకాశము 25 శాతము. అట్టివాడు వరుసగా 8 ఆటలాడి ఒక్కటియు గెలువకపోవుటకు అవకాశము 10 శాతము. ఆ ఎనిమిదింటిలో 4 గాని అంతకుమించి గాని గెలుచుటకు 11 శాతము. అనగా ఏ మార్పును చేయకున్నను, ఒకే కట్ట ఒక వారము నిష్ప్రయోజకముగాను, మరియొక వారము అజేయముగాను కనబడవచ్చును. కావున గెలుపోటములను మాత్రమే గాక, ప్రతి ఆటలోను ఏ కార్డు చేతిలో పనిలేక మిగిలిపోయినది, ఏ కార్డుకొరకు ఎదురుచూడవలసి వచ్చినది అను విషయములను వ్రాసియుంచుకొనుట శాస్త్రీయ పద్ధతి. ఒకేసారి పది కార్డులను మార్చినచో ఏ మార్పు వలన ఏ ఫలము కలిగినదో తెలియదు.

ఈ సూత్రము ఆటబల్లకు మాత్రమే పరిమితము కాదు. కర్మాగారమునుండి వచ్చిన సరుకులో కొన్నిటిని తీసి చూచి మొత్తమును అంగీకరించుటకు గాని, కొన్ని చేపలకు గుర్తులు వేసి వదలి, మరల పట్టి, సరస్సులోని చేపలెన్నియో అంచనా వేయుటకు గాని ఉపకరించునది ఇదే హైపర్‌జామెట్రిక్ సూత్రము. పేకముక్కలు కలుపుచున్న విద్యార్థి తానెరుగకుండగనే ఆ శాస్త్రపు గుమ్మమున నిలిచియున్నాడు. కాగితము, పెన్సిలు తీసికొని తన కట్టలోని సంఖ్యలను ఒకసారి హెచ్చవేసి చూచుకొన్నచో లోపలికి అడుగుపెట్టినవాడగును.