పేటలో చూపించాలా, బెజవాడ తీసుకెళ్లాలా?

మన మెట్ట ప్రాంతంలో ఏ ఆసుపత్రికి వెళ్లాలన్నది సగం రోడ్డే తేల్చేస్తుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద జగ్గయ్యపేట నుంచి విజయవాడ సుమారు 80 కిలోమీటర్లు, నందిగామ నుంచి 50. పేట నుంచి అటు తిరిగితే కోదాడ పక్కనే. హైదరాబాదు మాత్రం దాదాపు 200 కిలోమీటర్లు. అర్ధరాత్రి నాన్నకు గుండెలో పట్టేసినట్టుందని ఫోన్ వస్తే, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పిల్లలు చాలామంది అనే మొదటి మాట, "వెంటనే హైదరాబాదు తీసుకెళ్లండి, డబ్బు సంగతి నేను చూసుకుంటాను" అని. ఆ మాట వెనక ఎంత ప్రేమ ఉన్నా, ఆ నాలుగు గంటల ప్రయాణం ఆయన గుండెకు మంచిది కాదు.

గుండెపోటంటే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం. ఆ గడ్డ ఉన్నంతసేపూ గుండె కండరం చచ్చిపోతూనే ఉంటుంది. ముందు కావలసింది ఈసీజీ తీసి, దాన్ని చదవగలిగే డాక్టరుకు చూపించి, అవసరమైతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ అక్కడికక్కడే ఇవ్వగలిగిన చోటు. స్టెంటు వేయించడానికి పెద్దాసుపత్రికి ఆ తర్వాత బయల్దేరవచ్చు. నలభై వేల రూపాయల దాకా ఖరీదు చేసే టెనెక్టెప్లేజ్ ఇంజెక్షన్‌ను ఆంధ్రప్రదేశ్‌లో ఈమధ్య ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఉచితంగా ఇస్తున్నారు. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? పక్షవాతానికీ అంతే. సీటీ స్కాన్ తీసి, మెదడులో రక్తస్రావం లేదని తేల్చుకుని, నాలుగున్నర గంటల్లోపు మందు ఎక్కించాలి. మూతి వంకర పోయిందని గుర్తించడానికో గంట, కారు దొరకడానికో గంట పోతే మిగిలేది ఎంత?

పైగా రోడ్డు ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న భరోసా లేదు. 2023 జులైలోనూ, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవే మీదికి నీళ్లొచ్చేశాయి, రాకపోకలు ఆగిపోయాయి. అప్పుడు పేటవాళ్లకు బెజవాడ లేనట్టే. 2021 మేలో, కరోనా రెండో దశ నడుస్తుండగా, గరికపాడు దాటాక రామాపురం క్రాస్‌రోడ్డు దగ్గర తెలంగాణ పోలీసులు ఆంధ్ర నుంచి వచ్చే అంబులెన్సులను ఆపేశారు. రోగుల్ని అలా ఆపొద్దని అక్కడి హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఇవన్నీ చూశాక నాకు అనిపించేది ఒకటే. "మంచి ఆసుపత్రి ఏది?" అనే ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఏ జబ్బుకు, ఏ వేళకు, ఏ దారిలో అని అడగాలి. ఆ జవాబు ఇంట్లో అందరూ బాగున్నప్పుడే కనుక్కుని పెట్టుకోవాలి.

ఎలా కనుక్కోవాలి? అక్కడ వైద్యం చేయించుకుని వచ్చినవాళ్లను అడిగే. మన పెద్దవాళ్లు ఎప్పుడూ చేసే పని అదే. కాకపోతే అడిగే తీరులోనే తేడా ఉంది. "ఆ డాక్టరుగారు ఎలా చూస్తారు?" అంటే "హస్తవాసి మంచిది", "దేవుడండీ ఆయన" అంటారు. లేదా "అమ్మో, అక్కడికెళితే మనిషి దక్కడు" అంటారు. రెండూ మనసులోంచి వచ్చిన మాటలే, కానీ వాటితో మీ అమ్మ మోకాలి ఆపరేషన్ ఎక్కడ చేయించాలో తేలదు. వాళ్లు కళ్లారా చూసినవి అడగాలి. "పిన్నిగారూ, రాత్రిపూట సెలైన్ అయిపోయి గొట్టంలోకి రక్తం ఎక్కుతుంటే పిలిస్తే నర్సమ్మ ఎంతసేపటికి వచ్చేది?" "రాత్రి డ్యూటీ డాక్టరు నిజంగా ఆసుపత్రిలో ఉన్నారా, ఫోన్లోనే చెప్పారా?" "ముందు చెప్పిన ఖర్చుకూ చివరి బిల్లుకూ తేడా ఎంత వచ్చింది, ఎందుకు వచ్చిందో చెప్పారా?" "ఇంటికి పంపేటప్పుడు ఏ మందు ఎన్ని రోజులు, ఏం కనిపిస్తే మళ్లీ రావాలి అని కూర్చోబెట్టి చెప్పారా?" అన్నిటికన్నా ముఖ్యమైనది, "పరిస్థితి తేడా చేసినప్పుడు ఏం చేశారు?" అంతా సవ్యంగా జరిగినప్పుడు ఏ ఆసుపత్రైనా మంచిదే. తేడా చేసిన రాత్రి పెద్దాసుపత్రికి తామే ఫోన్ చేసి, కాగితాలన్నీ చేతిలో పెట్టి, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సు ఎక్కించి పంపారా, లేక "మావల్ల కాదు, తీసుకెళ్లండి" అని గేటు దాకా సాగనంపారా అన్నది తెలిస్తే ఆ ఆసుపత్రి ఎలాంటిదో తెలిసిపోతుంది.

ఇలాంటి ప్రశ్నలు అమెరికాలో ఉన్నవాళ్లకు కొత్త కాదు. అక్కడ రోగుల అనుభవాలను ఒకే ప్రశ్నావళితో సేకరించి 2008 నుంచి ఆసుపత్రుల వారీగా బయటపెడుతున్నారు. నర్సు మాట విన్నదా, పిలిస్తే వచ్చారా, మందు దేనికో చెప్పారా, రాత్రి నిద్ర పట్టనిచ్చారా అనే ప్రశ్నలే అందులోనూ ఉంటాయి. ఈ రకం అధ్యయనాలు 55 కలిపి చూసిన ఒక సమీక్ష 2013లో బీఎంజే ఓపెన్ అనే వైద్య పత్రికలో వచ్చింది. రోగుల అనుభవం బాగున్న చోట వైద్య ఫలితాలు, భద్రత కూడా చాలావరకు బాగుంటున్నాయని దాని సారాంశం. నందిగామకు అలాంటి పట్టిక లేదు. మన దగ్గర ఆ పట్టిక మనుషుల నోటిలోనే ఉంది.

అయితే రోగికి తెలియని విషయాలూ ఉన్నాయి. ఇక్కడ మనసు గట్టి చేసుకుని మాట్లాడాలి. ఆపరేషన్ బాగా జరిగిందో లేదో కొంతవరకు చెప్పగలరు గానీ, అసలు అది అవసరమా అన్నది చేయించుకున్నవాళ్లకు తెలిసే దారి తక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో దాదాపు 9 శాతం మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తమ్మీద అది 3 శాతం చిల్లర. అదే సర్వేలో మన రాష్ట్రంలో కాన్పుల్లో 42 శాతం సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులు మాత్రమే తీసుకుంటే 63 శాతం. దేశ సగటు 21 శాతం పైచిలుకు. మిరప కోతలకు వెళ్లే ముప్పై అయిదేళ్ల ఆడమనిషి నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళితే "గర్భసంచికి పుండు పడింది, తీసేయకపోతే కేన్సరవుతుంది" అని భయపెట్టి ఆపరేషన్ చేసిన కథలు మన ఊళ్లలో ఎవరింట్లో అడిగినా వినిపిస్తాయి. కుట్లు మానాయి, నర్సమ్మలు మంచివాళ్లు, బిల్లు చెప్పినంతే అయింది. ఆమె ఆ ఆసుపత్రి గురించి మంచే చెబుతుంది. అలా చెప్పడం ఆమె తప్పు కాదు. అందుకే కత్తి పడే ఏ వైద్యానికైనా, ప్రాణం మీదికి రాలేదంటే, ఆ ఆసుపత్రితో ఏ సంబంధమూ లేని ఇంకో డాక్టరుకు రిపోర్టులు చూపించి తీరాలి. దూరదేశంలో ఉన్న పిల్లలు చేయగలిగిన గొప్ప సాయం ఇదే. స్కానింగ్ రిపోర్టు ఫోటో తీసి పంపమంటే పది నిమిషాల పని.

పాముకాటు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పత్తికి, మిరపకు రాత్రి కరెంటు వచ్చే వేళ నీళ్లు కట్టే ఊళ్లు మనవి. రక్తపింజర కాటేస్తే రక్తం గడ్డకట్టే గుణం పోతుంది. దాన్ని కనిపెట్టే పరీక్షకు పెద్ద యంత్రం అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టి, ఒక్కసారి వంచి చూస్తారు. గడ్డకట్టకుండా కారిపోతే విషం ఎక్కినట్టే, వెంటనే విరుగుడు మందు ఎక్కించాలి. ఇది ఏ చిన్న ఆసుపత్రిలోనైనా చేయగలిగిన పని. మన దేశంలో తయారయ్యే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటి విషానికీ పనిచేస్తుంది, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. నాగుపాము, కట్లపాము కాటైతే ఊపిరి ఆడించే కండరాలు పడిపోతాయి కాబట్టి వెంటిలేటరు దాకా వెళ్లాల్సి రావచ్చు. అందుకని మీ ఊరికి దగ్గరి ఆసుపత్రి గురించి అడగాల్సినవి రెండు: ఈ వానాకాలం విరుగుడు మందు నిల్వ ఉందా, ఊపిరి ఆగిపోతే బెజవాడ చేరేదాకా గొట్టం వేసి నిలబెట్టగల మనిషి ఉన్నారా? పాముకాటుతో వెళ్లి బతికి వచ్చిన కుటుంబం ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. వాళ్లను మించిన సాక్షులు లేరు.

ఊళ్లో మొదట చెయ్యి పట్టి చూసేది ఆర్.ఎం.పి. గారు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చే మనిషి ఆయనే, అది కాదనలేం. కానీ ఫలానా ఆసుపత్రికే వెళ్లమని ఆయన గట్టిగా చెబితే, ఆ మాట వైద్యం చూసి వచ్చిందా కమీషన్ చూసి వచ్చిందా అని ఆలోచించాలి. ఆటోవాళ్ల సంగతీ, కొన్ని ప్రైవేటు అంబులెన్సుల సంగతీ అంతే. నేనైతే 108 సిబ్బందిని అడుగుతాను. 2005 నుంచి నడుస్తున్న ఆ బండ్లవాళ్లకు ఏ ఆసుపత్రి గేటు రాత్రి మూడింటికి తెరుచుకుంటుందో, ఎక్కడ స్ట్రెచర్ ఎదురొస్తుందో, ఎక్కడ ముందు డబ్బు కట్టమంటారో రోజూ కనబడుతుంది. అలాగే ఆసుపత్రి ఆవరణలో కాకుండా బయట ఉన్న మెడికల్ షాపు అతను. చీటీల్లో ఎవరు అవసరానికి మించి రాస్తారో అతనికి తెలుసు.

కాగితాలు చూడటం కూడా అలవాటు చేసుకోవాలి. ప్రైవేటు ఆసుపత్రి, నర్సింగ్ హోమ్ ఏదైనా 2002 నాటి రాష్ట్ర చట్టం కింద రిజిస్టరై ఉండాలి. మందుచీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. బోర్డు మీద పది మంది స్పెషలిస్టుల పేర్లుంటే, అందులో రోజూ ఉండేవారెవరు, బెజవాడ నుంచి వారానికోసారి వచ్చి వెళ్లేవారెవరు అని కౌంటరులో నిలబడి అడగండి. ఆదివారం ఆపరేషన్ చేసి వెళ్లిపోయిన డాక్టరు, మంగళవారం జ్వరమొస్తే ఎవరికి అప్పగించారో ముందే తెలియాలి. కేసు షీటు ఇవ్వమంటే కొన్నిచోట్ల మొహం చిట్లిస్తారు గానీ, అడిగిన 72 గంటల్లోపు రికార్డులు ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళిలోనే ఉంది.

డబ్బు విషయం ముందే తేల్చుకోవాలి. ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆ పథకం కౌంటరు ఎక్కడుందో చూసి, మన జబ్బుకు అక్కడ వర్తిస్తుందో లేదో చేర్పించక ముందే అడగాలి. కోదాడ, ఖమ్మం వెళ్లేవాళ్లు మరీ. సరిహద్దు దాటితే పథకం వేరు. డెబ్బయ్యేళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆయుష్మాన్ భారత్ 2024 అక్టోబరు నుంచి వర్తిస్తోంది. పిల్లలు విదేశాల్లో ఉన్నారు కదా, మాకు రాదులే అని వదిలేసినవాళ్లు కార్డు తీయించుకోవాలి. హైవే పక్క ఊళ్లవాళ్లకు ఇంకొకటి: రోడ్డు ప్రమాదంలో గాయపడినవాళ్లకు ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేని వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మే నుంచి వచ్చింది. పథకంలో చేరిన ఆసుపత్రులు మీ దారిలో ఏవి ఉన్నాయో తెలుసుకోండి.

బెజవాడ చుట్టుపక్కల పెద్ద వైద్యానికి కొదవ లేదు. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి ఉంది, మంగళగిరిలో 2019 నుంచి ఓపీ చూస్తున్న ఎయిమ్స్ ఉంది, కంటికైతే తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ వారి ఆసుపత్రి ఉంది. తొందరలేని జబ్బుకు, ముందుగా తేదీ పెట్టుకుని చేయించే ఆపరేషన్‌కు ఆ దూరం వెళ్లడం న్యాయమే. వారానికి రెండుమూడుసార్లు డయాలసిస్ చేయించుకునేవాళ్లకు మాత్రం పేరున్న ఆసుపత్రి కంటే దగ్గర్లో శుభ్రంగా నడిచే యూనిటే మేలు. మన జిల్లాలోనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నవాళ్లను అడగండి, ప్రయాణం మనిషిని ఎలా పీల్చేస్తుందో చెబుతారు.

ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఒక సాయంత్రం నందిగామలోనో పేటలోనో మీరనుకున్న ఆసుపత్రి ఓపీ హాల్లో గంటసేపు కూర్చోండి. డాక్టరు గదిలోకి వెళ్లిన ముసలాయన ఎంతసేపటికి బయటికొస్తున్నాడో చూడండి. చీటీ పట్టుకుని బయటికొచ్చినవాళ్లను "పెద్దాయనా, ఏం చెప్పారు?" అని అడగండి. ఆయన తన జబ్బేమిటో, మందు ఎప్పుడు వేసుకోవాలో తన మాటల్లో చెప్పగలిగితే ఆ ఆసుపత్రి పేరు, అక్కడ రాత్రి ఫోనెత్తే నంబరు, అమ్మానాన్నల మందుల పేర్లు, బ్లడ్ గ్రూపు, వెంట వెళ్లగల మేనల్లుడి నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించి రండి.